చెయ్యి పైకెత్తిన మనిషి

మా నొప్పుల ఆసుపత్రి హాల్లో గోడకి ఒక టీవీ ఉండేది. జనం లేనప్పుడు దాన్ని కట్టెయ్యడం నా పని. ఎవరూ అప్పజెప్పలేదు, నేనే పెట్టుకున్నాను. ఖాళీ కుర్చీలకి బొమ్మలు చూపించి ఏం లాభం? ఫ్యాన్లూ అంతే, లైట్లూ అంతే. "ఆయమ్మగారు అటు నుంచి వస్తున్నారంటే ఇటు చెమట పట్టేస్తుంది" అని మా సిస్టరు వెక్కిరించేది. మూడో తరగతిలో బడి మానేసినదాన్ని. కరెంటు ఎలా పుడుతుందో నాకు తెలియదు. ఊరికే పోకూడదని మాత్రం తెలుసు.

ఇప్పుడు పని మానేసి ఇంట్లో కూర్చున్నాను. మా వీధిలో నర్సింగు చదివే ఆడపిల్లలు అప్పుడప్పుడూ వచ్చి "మామ్మగారూ, అన్నేళ్ళు ఆసుపత్రుల్లో చేశారు కదా, ఏదైనా చెప్పండి" అంటారు. వాళ్ళకి కావలసింది లేవలేనివాడు లేచి నడిచిన కథ. అలాంటివి చూడకపోలేదు. నయమైనవాళ్ళ సంగతి నేను చెప్పనక్కర్లేదు, వాళ్ళే ఊరంతా చెప్పుకుంటారు. నేను ఒక్క మనిషి సంగతి చెప్తాను. అతనికి నొప్పి తగ్గింది. తగ్గబట్టే చెడ్డాడు.

మాది రాజమండ్రిలో చిన్న ఆసుపత్రి. పురుళ్ళూ జ్వరాలూ ఉండవు. ఏళ్ళ తరబడి పోని నొప్పులతో వచ్చేవాళ్ళే అందరూ. అంతకుముందు నేను పురుళ్ళ ఆసుపత్రిలో చేశాను. అక్కడ అరుపులుండేవి, అరుపు వెనకాలే బిడ్డ ఏడుపు వినిపించేది. ఇక్కడ అరుపులు లేవు. అందరూ మెల్లగా కూర్చుంటారు, మెల్లగా లేస్తారు. పాత నొప్పి ముందు గొంతు తీసేస్తుంది, తర్వాత నడుము వంచుతుంది.

డాక్టరమ్మగారిది మా చిన్నమ్మాయి ఈడు. రోగిని బల్ల మీద కూర్చోబెట్టి, తను కింద స్టూలు మీద కూర్చుని, కాళ్ళ దగ్గర నుంచి మాట్లాడేవారు. డాక్టరు మొహం చూడాలంటే మెడ ఎత్తక్కర్లేకుండా చేసిన డాక్టరుని నేను ఆవిణ్ణే చూశాను. ఈ మాట ముందే చెప్తున్నాను. తర్వాత సంగతి విని ఎవరూ ఆవిణ్ణి తిట్టుకోకూడదని.

అతను ఎండలు ముదిరిన రోజుల్లో కోనసీమ నుంచి వచ్చాడు. కొబ్బరి దింపు మేస్త్రీ. పట్నం పిల్లలకి తెలియదేమో, దింపంటే ముదిరిన గెలల్ని చెట్టెక్కి కోసి కిందికి దించడం. యాభై దాటిన మనిషి. నల్లగా, సన్నగా, ఒక్క పిసరు కొవ్వు లేకుండా ఉన్నాడు. చెట్టెక్కేటప్పుడు కాళ్ళకి వేసుకునే తాడు ఒరుసుకుని చీలమండల దగ్గర కాయలు కాశాయి. కుడిచెయ్యి మాత్రం ఒంటికి అతికించినట్టు ఉంది. చొక్కా బొత్తాలు భార్య పెట్టినట్టుంది, ఒకటి తప్పించి పెట్టింది. ఆవిడ పక్కనే కూర్చుంది. వెనక గోడకి ఆనుకుని ఆవిడ తమ్ముడు నిలబడ్డాడు.

"ఎన్నాళ్ళ నుంచండి ఇలా?" అని అడిగారు డాక్టరమ్మగారు.

"శివరాత్రికి ముందు నుంచండి. పట్టిసం తీర్థానికెళ్ళాం. వీరభద్రుడికి దణ్ణం పెడదామంటే చెయ్యి లేవలేదండి. ఒంటిచేత్తో పెట్టొచ్చాండీ అని పూజారిగారినడిగాను."

"ఏమన్నారు?"

"రెండో చెయ్యి మనసులో ఎత్తుకోమన్నారండి. ఎత్తానండి. మనసులో కూడా నెప్పెట్టింది."

డాక్టరమ్మగారు నవ్వారు. సిస్టరు నవ్వింది. భార్య నవ్వలేదు. ఆ ముక్క ఆవిడ ఇంటి దగ్గర చాలాసార్లు విన్నట్టుంది.

తైలాలు, పట్టీలు, కడుపులో మంట పుట్టించిన బిళ్ళలు అన్నీ అయిపోయాకే మా దగ్గరికి వచ్చారు. పెద్దాసుపత్రిలో ఆపరేషను చెయ్యాలన్నారట. చేశాక మళ్ళీ చెట్టెక్కుతాడా అంటే అది మాత్రం చెప్పలేమన్నారట. చెట్టెక్కలేని చెయ్యి బాగుచేయించుకుని ఏం చేసుకోను అని లేచి వచ్చేశాడట.

డాక్టరమ్మగారు మిషను పెట్టి చూశారు. భుజంలో ఎముకని పట్టుకుని ఉండే తీగ సగం చిరిగిందని, మిగతా సగం మీద చెయ్యి వేలాడుతోందని చెప్పారు. "రెండు పనులు కలిపి చేస్తానండి. మీ భుజానికి పోయే నరం ఒకటుంది. దాని దగ్గరికి సన్నటి సూది పంపి, కాల్చకుండా, ఆగి ఆగి కొంచెం కొంచెంగా కరెంటు తరంగం ఇస్తాను. ఏడ్చే పిల్లని జోకొట్టినట్టన్నమాట. ఆ తర్వాత మీ నెత్తురే కాస్త తీసి, మిషన్లో తిప్పి, అందులో మాన్పే సరుకు వేరుచేసి చిరిగిన చోట పోస్తాను. అది నారు పోసినట్టు. జోకొట్టడం తొందరగా పనిచేస్తుంది. నారు మొలవడానికి నెలలు పడుతుంది. మొలవకపోవచ్చు కూడా, అందరికీ ఒకేలా ఉండదు. తెలిసిందా?"

"ఆయ్, తెలిసిందండి. దింపుకి ఎప్పుడెళ్ళచ్చండి?"

"దింపు మాట ఇప్పుడు కాదు. దసరా వెళ్ళాక చూద్దాం."

అతను భార్య వైపు చూశాడు. భార్య తమ్ముడి వైపు చూసింది. తమ్ముడు నేల వైపు చూశాడు.

వాళ్ళు హాల్లోకి వచ్చాక నేను నేల తుడుస్తూ అతని తల మీద తిరుగుతున్న ఫ్యాను కట్టేశాను. రెండో ఫ్యాను గాలి తగులుతూనే ఉంది.

"గాలి ఆపేశారేంటి అప్పగారూ? కరెంటు మీ ఇంటిదాండి?"

"ఎవరింటిదైతే ఏం? ఒక మనిషికి రెండు ఫ్యాన్లు ఎందుకు?"

"మీరు మా ఊళ్ళో పుట్టాల్సిందండి. కొబ్బరి పీచు కూడా నేల మీద పడనిచ్చేవోరు కాదు" అన్నాడు. ఆ రోజు నుంచి ఎప్పుడొచ్చినా నన్ను చూసి ముందు తల పైకెత్తి ఫ్యాను వైపు చూసేవాడు.

భార్య అతణ్ణి రక్తపరీక్షకి తీసుకెళ్ళినప్పుడు బావమరిది సిస్టరుతో మాటల్లో పడ్డాడు. బావ కంటే చిన్నవాడు, నోటి దురుసు మనిషి, మనసులో ఏదీ దాచుకోలేడు.

"దసరా దాకా అంటే కుదరదండి సిస్టరుగారూ. మా జట్టులో మొదటి చెట్టు పెద్దోడిదేనండి. మా బావ ఎక్కి, మొదటి గెల దించి, అందులో కాయ తీసి చెట్టు మొదట్లో కొట్టాకే మిగతావోళ్ళం కాళ్ళకి తాడేస్తాం. ఆయన ఎక్కకపోతే ఆ రోజు దింపు లేదంతే."

"మీరెక్కొచ్చు కదండి?"

"నేనా? అమ్మో! ఒకసారి ఇంకోడు మొదటి చెట్టెక్కాడంటే ఇంక అది వాడిదేనండి. ముందోడికి తిరిగి రాదు. మా నాన్న పోయాకే మా బావ ఎక్కాడు. మనిషుండగా నేనెక్కితే, మీరే చెప్పండి, బతికున్నోడికి పిండం పెట్టినట్టు కాదాండి?"

"మరి శివరాత్రి నుంచీ ఎలా నడుస్తోంది?"

"పళ్ళు బిగబట్టి ఎక్కుతున్నాడండి. ఎక్కడం కాళ్ళతోటే. కాని పైన మట్టలు మొలిచే మొవ్వులోకి వెళ్ళాలంటే కుడిచేత్తో మట్ట పట్టుకుని ఒంటిని లాక్కోవాలి. పోయిన దింపుకి సగం చెట్టులో నొప్పికి తట్టుకోలేక దిగొచ్చేశాడు. మేమందరం ఇళ్ళకెళ్ళిపోయాం. తోట రైతు వేరే జట్టుని పిలుస్తానంటున్నాడు."

నేను గుడ్డ పిండుతూ ఊరుకోలేకపోయాను. "పిలవనీ. ఈ ఏటికి వాళ్ళే దించుకుంటారు. మనిషి చెయ్యి కంటే చెట్టు ఎక్కువా?"

అతను కోప్పడలేదు. "మీకలాగే ఉంటదప్పగారూ. పొద్దున్నే కత్తి నడుముకి పెట్టుకుని మొదటి చెట్టు కింద నిలబడితే రైతు కూడా 'మేస్త్రీ గారూ' అంటాడు. కూలోణ్ణి గారూ అనేది ఆ ఒక్క చోటే కదండి" అన్నాడు.

ఆసుపత్రిలో నన్ను గారూ అనేవాళ్ళని నేనూ వేళ్ళ మీద లెక్కపెట్టుకునేదాన్ని.

సూది వేసే రోజు నేను లోపలే ఉన్నాను. ఆకుపచ్చ గుడ్డలు పరచడం, కాళ్ళ దగ్గర నిలబడడం నా పని. అతని చేతిలోంచి నెత్తురు తీసి గిర్రున తిరిగే మిషన్లో పెట్టారు. మజ్జిగ చిలికితే వెన్న తేలినట్టు పైన పసుప్పచ్చటి తేట వేరుపడుతుంది. కింద ఎర్రటిది మిగులుతుంది. తన నెత్తురు తనకే ఎక్కించడం, బయటి సరుకు కొనక్కర్లేకపోవడం నా బుద్ధికి నచ్చిన సంగతి. ఆ ఎర్రటిదంతా పారబొయ్యడమే నాకు కళ్ళలో పొడిచినట్టుండేది.

"సిస్టరుగారూ, ఆ ఎర్రటిది జాగర్తండి. అప్పగారు తీసుకెళ్ళి దాచేస్తారు" అన్నాడు బల్ల మీద పడుకుని.

తెర మీద చూసుకుంటూ డాక్టరమ్మగారు సూది పంపారు. నరం దొరికిందో లేదో చూడ్డానికి చిన్న కరెంటు పెడితే అతని భుజం దానంతటదే ఎగిరింది. "నేను కాదండీ! అదే ఎగిరింది!" అని అరిచాడు. భయంతో కాదు. ఎన్నో నెలల తర్వాత ఆ భుజం కదలడం చూసి అరిచాడు. తర్వాత మిషను చాలాసేపు టిక్కు టిక్కుమంటూ నడిచింది. ఆ చప్పుడుకి అతనికి కునుకు పట్టింది. జోకొట్టడమంటే నిజంగానే జోకొట్టడమే అనుకున్నాను. ఆఖర్న పసుప్పచ్చటి తేటని చిరిగిన చోట పోశారు. అది పోసినప్పుడు మాత్రం నిద్రలోంచి లేచి పళ్ళు కొరికాడు.

వెళ్ళేటప్పుడు జాగ్రత్తలు డాక్టరమ్మగారు ఒకసారి చెప్పారు, సిస్టరు ఒకసారి చెప్పింది, ఎవరూ అడగకపోయినా నేను ఇంకోసారి చెప్పాను. రెండ్రోజులు నొప్పి పెరుగుతుంది, ఓర్చుకోవాలి, నొప్పి బిళ్ళలు మింగకూడదు, చెట్టెక్కకూడదు. "ఆయ్, అలాగేనండి" అని ముగ్గురికీ ఒకేలా చెప్పాడు.

చెప్పిన మాట ప్రకారమే మళ్ళీ చూపించుకోవడానికి వచ్చాడు. అప్పటికి గోదావరి ఎర్రబడింది. రేవుల్లో కొత్తనీరు చూడ్డానికి జనం నిలబడుతున్న రోజులు. తలుపు తీసుకుని లోపలికి వస్తూనే కుడిచేత్తో జుట్టు సవరించుకున్నాడు. మామూలుగా మనందరం చేసే పనే. సిస్టరు చేతిలో ట్రే అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

డాక్టరమ్మగారి ముందు చెయ్యెత్తాడు. భుజం దాకా వచ్చింది. చెవి దాటింది. తల మీదకి వెళ్ళింది. రెండు చేతులూ తల పైన కలిపి దణ్ణం పెట్టాడు. భార్య చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంకో మూలకి తిరిగి గోడకేసి ఏడ్చింది.

"నొప్పి?"

"లేదండి. అసలెక్కడుండేదో కూడా గుర్తు రాట్లేదండి."

ఆ రోజు మా ఆసుపత్రిలో అందరం పిల్లలమైపోయాం. ఆ వారంలో ఇద్దరు ముగ్గురు ఏమీ తగ్గలేదని చెప్పేసరికి డాక్టరమ్మగారు చిన్నబోయి ఉన్నారు. ఇతణ్ణి చూసేసరికి మొహం వెలిగింది. ఫోను తీసి "వీడియో తీసుకుంటానండి, మీకిష్టమేనా? భయపడి సూది వద్దని వెళ్ళిపోయేవాళ్ళకి చూపిస్తాను" అన్నారు.

"భలేవోరే, తీసుకోండి!"

చెయ్యెత్తాడు, దించాడు. బావమరిది వెనక నుంచి "గెల కొయ్యి బావా, గెల కొయ్యి!" అన్నాడు. అంతే, అతను కనిపించని కత్తి తీసి, పైన కనిపించని మట్ట పట్టుకుని, కనిపించని గెలని ఒక్క వేటు కొట్టి, "తప్పుకోండ్రా!" అని కేక పెట్టాడు. నేను కూడా నవ్వాను. నేను నవ్వడం అరుదు. సిస్టరుకి అదీ ఒక వింతే.

డాక్టరమ్మగారు ఫోను జేబులో పెట్టుకుని అప్పుడు గట్టిగా చెప్పారు. "ఇదిగో, నేను చెప్పేది వినండి. నరం నిద్రపోయింది, అంతే. లోపల తీగ ఇంకా అతుక్కోలేదు. పచ్చిగానే ఉంది. నొప్పి లేదు కదాని చెట్టెక్కితే ఉన్న సగం కూడా తెగిపోతుంది. తెగేదాకా మీకు తెలియదు కూడా."

"ఆయ్, అలాగేనండి."

చెప్పాల్సిందంతా చెప్పారు. నేను విన్నాను. ఆ మాట వీడియోలో లేదు. వీడియోలో ఉన్నది చెయ్యి ఒక్కటే.

ఆ వీడియో బావమరిది తన ఫోన్లోకి వేయించుకున్నాడు. డాక్టరమ్మగారు దాన్ని హాల్లో టీవీలో పెట్టించారు. "ఆయమ్మా, మీరు టీవీ కట్టేస్తారని తెలుసు. ఇది మాత్రం ఉంచండి. ఒక్క మనిషి కూర్చున్నా ఉంచండి" అన్నారు. ఉంచాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అతను చెయ్యెత్తుతూ, దించుతూ, గెల కొడుతూ ఉండేవాడు. కింద నేను నేల తుడిచేదాన్ని. టీవీకి శబ్దం పెట్టేవాళ్ళం కాదు. "తప్పుకోండ్రా" అన్న కేక నాకు మాత్రం వినిపిస్తూనే ఉండేది.

ఇక తోటలో జరిగిన సంగతి. నేను చూడలేదు, బావమరిది చెప్పాడు. అతను అబద్ధమాడే స్థితిలో లేడు.

వీడియో జట్టు అందరి ఫోన్లలోకి వెళ్ళింది. రైతు ఫోనులోకీ వెళ్ళింది. "మేస్త్రీ గారి చెయ్యి లేస్తోంది కదా, ఇంకేంటి? కాయ రాలిపోతోంది" అని రైతు కబురు పెట్టాడు. మేస్త్రీ ఎక్కనన్నాడట. డాక్టరమ్మగారికి మాటిచ్చానన్నాడట. తోటకి వచ్చి కింద కూర్చుంటానని, బావమరిదిని ఎక్కమని చెప్పాడట. ఇష్టపడే చెప్పాడట. తెల్లారి జట్టంతా మొదటి చెట్టు కింద చేరింది. బావమరిది తాడు చేతిలో పట్టుకున్నాడు. కాళ్ళకి వేసుకోలేకపోయాడు.

"నావల్ల కాలేదండి" అని నా ముందు తల పట్టుకున్నాడు. "నువ్వుండగా నేనెక్కను బావా అన్నాను. చేతులు రెండూ పైకెత్తి దణ్ణం పెట్టే మనిషి కింద కూర్చుంటే నేనెలా ఎక్కేదండి? మిగతావోళ్ళూ అదే అన్నారు. మీరే ఎక్కాలి మేస్త్రీ గారూ, లేకపోతే పోదాం పదండన్నారు. పోనీ పక్కనున్న పొట్టి చెట్టు ఎక్కు బావా అన్నాను. మొదటి చెట్టెప్పుడూ ఒకటేరా, అది మార్చకూడదన్నాడు. ఒక్క చెట్టే కదా, ఇదెక్కి దిగి కూర్చుంటాను, మిగతా తోటంతా మీరే దించుకోండని నా చేతిలో తాడు లాక్కున్నాడండి."

మర్యాద చేశారు. అందరూ కలిసి అతనికి మర్యాద చేశారు. ఒక్కడు మర్యాద తప్పినా ఆ చెయ్యి దక్కేది.

ఎక్కాడట. ఎప్పటికంటే హుషారుగా ఎక్కాడట. పోయిన దింపుకి సగం చెట్టులో ఆపేసిన నొప్పి ఆ రోజు ఆపలేదు. పైకెళ్ళి "నెప్పి లేదురోయ్!" అని కేక వేశాడట. కింద జట్టంతా ఈలలు వేసింది. మొవ్వులోకి వెళ్ళడానికి కుడిచేత్తో మట్ట పట్టుకుని ఒంటిని లాక్కున్నాడు. తడిగుడ్డ చింపినట్టు ఒక చప్పుడు కింద దాకా వినిపించిందన్నాడు బావమరిది. అంత దూరం వినిపిస్తుందో లేదో నాకు తెలియదు. అతనికి వినిపించింది. ఇంకా వినిపిస్తోంది.

పడలేదు. అన్నేళ్ళు చెట్లెక్కిన కాళ్ళు వదల్లేదు. ఎడంచేత్తో చెట్టుని కావలించుకుని పై నుంచి కింద దాకా జారాడు. రొమ్ము మీద, తొడల మీద తోలు చెట్టుకే ఉండిపోయింది.

పుళ్ళు మానాక మా దగ్గరికి తీసుకొచ్చారు. డాక్టరమ్మగారు మళ్ళీ మిషను పెట్టి చూశారు. చాలాసేపు చూశారు. చూడ్డానికి ఏమైనా ఉంటే అంతసేపు చూడక్కర్లేదు. తీగ మొత్తం తెగి లోపలికి వెనక్కి పోయిందన్నారు. పెద్దాసుపత్రికి రాసిచ్చి పంపిస్తే అక్కడివాళ్ళు లాగి కుట్టినా నిలిచే కండ కాదన్నారు. మళ్ళీ మా దగ్గరికే తిరిగి వచ్చారు. డాక్టరమ్మగారు స్టూలు మీద, కాళ్ళ దగ్గర కూర్చుని ఉన్నారు. ఆ రోజు రోగి మొహంలోకి కాకుండా అతని చీలమండల కేసి చూస్తూ మాట్లాడారు.

"నొప్పికి మళ్ళీ నరానికి చేస్తానండి. నిద్రపట్టేలా చేస్తాను. కాని చెయ్యి..."

"లేవదంటారు."

"లేవదండి."

భార్య అంతవరకూ మా దగ్గర గట్టిగా ఒక్క మాట మాట్లాడిన మనిషి కాదు. అప్పుడు అంది. "నెప్పున్నప్పుడే నయమండి. సగం చెట్టులోంచి దిగొచ్చేశారు. మీరు చెడు చెయ్యలేదమ్మా, మంచే చేశారు. కాని నెప్పున్నప్పుడే నయం."

తిట్టి ఉంటే బాగుండేది. డాక్టరమ్మగారు లేచి చేతులు కడుక్కున్నారు. చాలాసేపు కడుక్కున్నారు, అన్ని నీళ్ళు పోతున్నా నేను కుళాయి కట్టమనలేదు.

ఆ పిల్లలు ఇక్కడ "తర్వాత ఏమైంది మామ్మగారూ?" అంటారు. తర్వాత ఏమీ బాగవలేదు. జట్టు విడిపోయింది. మొదటి చెట్టు ఎవరూ ఎక్కలేదు. తోట వేరే జట్టుకి పోయింది. బావమరిది చెట్లు మానేసి పాలకొల్లు వైపు రొయ్యల చెరువు కాపలాకి వెళ్ళాడు. భార్య కొబ్బరి వలిచే పనికి వెళ్తోందని విన్నాను. మా హాల్లో టీవీలోకి కొన్నాళ్ళకి ఇంకో మనిషి వచ్చింది, మోకాళ్ళావిడ, మెట్లెక్కుతూ. ఇప్పుడు ఆఖర్న డాక్టరమ్మగారు కనిపించి జాగ్రత్తలన్నీ చెప్తారు, అక్షరాల్లో కూడా వేస్తారు. ఆ ఆఖరి దాకా ఎవరూ చూడరు. ఈలోగా వాళ్ళ పేరు పిలుస్తారు. పిల్లలూ, మీరు ఆసుపత్రిలో పనికి చేరాక నొప్పి తగ్గిందా అని అడగడం మీకే అలవాటవుతుంది. తగ్గినవాడు ఇక్కణ్ణుంచి తిన్నగా ఎక్కడికి వెళ్తాడో, అక్కడ ఎవరెవరు ఎదురుచూస్తున్నారో కూడా అడగండి. అడిగితే ఆగుతాడని నేను చెప్పను. మేం కూడా చెప్పినంత చెప్పాం.

కాని నాకు గుర్తున్నది ఆ తర్వాత సంగతులు కావు. చెయ్యి లేవదన్న రోజే, డాక్టరమ్మగారి గదిలోంచి వచ్చాక, బావమరిది ఆటో తీసుకురావడానికి వెళ్తే వాళ్ళిద్దరూ హాల్లో కూర్చున్న కాసేపు.

కుర్చీలు టీవీ ఉన్న మూలే ఖాళీ ఉన్నాయి. అతను చెయ్యి మెడకి కట్టిన గుడ్డలో పెట్టుకుని సరిగ్గా టీవీకి ఎదురు వరసలో కూర్చున్నాడు. ఆ వీడియో మార్పించాలని మాలో ఎవరికీ తోచలేదు. నేను బకెట్టు అక్కడ పడేసి వెళ్ళేలోపే చూసేశాడు. పైన అతను చెయ్యెత్తుతున్నాడు. కింద అతను తలెత్తి చూస్తున్నాడు. ఈసారి ఫ్యాను వైపు కాదు.

పక్కన ఒక ముసలావిడ ఉంది. ఆ రోజే మొదటిసారి వచ్చింది, సూది అంటే వణుకుతోంది. టీవీ వైపు చూసింది, ఇతని వైపు చూసింది, మళ్ళీ టీవీ వైపు చూసింది.

"ఏమండీ, ఆ చెయ్యెత్తేది మీరేనాండి?"

భార్య నోరు తెరవబోయింది. అతను ఎడంచెయ్యి ఆవిడ చేతి మీద వేశాడు.

"కాదండి. ఎవరో నా పోలికున్నాడు."

"అచ్చు మీలాగే ఉన్నాడండి."

"ఆయ్. అందరూ అదే అంటున్నారండి. ఆయనకి తగ్గిపోయిందంట. మీరేం భయపడకండి, సూదికి ఏం కాదు."

ముసలావిడ ఊపిరి పీల్చుకుంది. నేను గోడ దగ్గరికి వెళ్ళి స్విచ్చి మీద చెయ్యి వేశాను. హాలు నిండా జనం ఉన్నారు. జనం ఉండగా టీవీ కట్టబోవడం నా జన్మలో అదే మొదలు.

"అప్పగారూ" అన్నాడు అతను. మెల్లగా అన్నాడు. నవ్వడానికి చూశాడు. "కరెంటు మీ ఇంటిది కాదు కదండి."

నేను స్విచ్చి మీద చెయ్యి తియ్యలేదు, నొక్కలేదు.

"ఉంచండి. గెల కోసేశాడు. మళ్ళీ మొదటి నుంచి వస్తుంది. ఇంకోసారి ఎత్తుతాడు, చూసి వెళ్తాను."